మాడిన బెల్లం వాసన

మిట్టమధ్యాహ్నం! ఆకు కదలని ప్రేతసంచార వేళ... కోదాడ పక్క పల్లెలో సోమయ్య ఇంటి వాకిట హోమగుండం భుగభుగమని మండుతోంది. ముగ్గు నడుమ కపాలం! దాని వెనుక మంత్రగాడు గోపయ్య... జడలు విరబోసుకుని, నిప్పుకణికల్లాంటి కళ్ళతో!

సుగుణమ్మ ఒళ్ళో తొమ్మిది రోజుల పసికందు విల్లులా వంగిపోతోంది. పాలు నోట పట్టడం లేదు. తడిసిన గుడ్డల నిండా మాడిన బెల్లం వాసన... ముందు పుట్టిన ఇద్దరూ ఇదే వాసనతో పురిటి మంచంలోనే పోయారు!

నిరుడు రెండో బిడ్డ పోయినప్పుడు, బాణామతి చేసిందెవరని గోపయ్య గద్దిస్తే, సుగుణమ్మ నోట మంత్రసాని లింగమ్మ పేరు వచ్చింది. పళ్ళు లేకపోతే మంత్రం పలకదట! పటకారుతో ఆమె పళ్ళన్నీ పీకించారు. కాళ్ళు అదిమిపట్టింది సుగుణమ్మ మొగుడు, స్వయానా మేనమామ, సోమయ్యే. మరి ఈ బిడ్డకెవరు చేశారు? చేయని నేరం మోపానా? ఏడాదిగా ఆ పాపం సుగుణమ్మను చెదపురుగై తొలుస్తూనే ఉంది.

"ఈసారి ఇంట్లనే ఉన్నది!" గోపయ్య కపాలాన్ని సోమయ్య తల్లి అచ్చమ్మ వైపు తిప్పాడు. "ఈ ముసలిదాని పళ్ళు పీకుండ్రి! లేకుంటే పొద్దుగూకేసరికి బిడ్డ ఖతం!"

అచ్చమ్మ సుగుణమ్మకు అత్తే కాదు, అమ్మమ్మ కూడా. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. "నేనేం జెయ్యలే బిడ్డా! నా కడుపున పుట్టినోళ్ళు ఇద్దరు గూడ గిదే వాసనతోని పోయిండ్రు..."

"నీకు గూడనా అమ్మమ్మా?"

"నేను గూడ మేనమామనే చేసుకుంటి గదా. నాకు, ఊరందరికి పురుడు పోసింది లింగమ్మనే, గీ వాసన మాత్రం మనింట్లనే."

సుగుణమ్మ గుండెల్లో పిడుగు పడింది! "అయితే ఇది ఒకరు చేసింది కాదు! మన నెత్తుట్లనే ఉన్నది! మేనరికం మీద మేనరికం చేసి మనమే బిడ్డలకు ఈ రోగం పోసినం!"

"నోరు ముయ్! భస్మం చేస్తా!" గోపయ్య గర్జించాడు.

సుగుణమ్మ ఒక్క ఉదుటున లేచి కపాలాన్ని గుండంలోకి తన్నింది. ఫెళ్ళున పగిలింది! నిప్పులు ఎగసి గోపయ్య జడలకు అంటుకున్నాయి. గావుకేకలు పెడుతూ పొలాలకు అడ్డంపడి పరుగెత్తినవాడు మళ్ళీ ఏ ఊళ్ళోనూ కనిపించలేదు.

సుగుణమ్మ బిడ్డనెత్తుకుని లింగమ్మ గుడిసెకు పరుగెత్తింది. దారిలోనే పసిప్రాణం పోయింది. లింగమ్మ బిడ్డను అందుకుని మెల్లగా దాని కళ్ళు మూసింది.

"మా అమ్మమ్మకు గూడ నువ్వే పురుడు పోస్తివి, ఇది మా ఇంటి రోగమని నీకు ఎరికే గదా? మరి నిరుడు చెప్పకపోతివేంది?"

లింగమ్మ బోసినోరు కదిలింది.

"సెప్పిన బిడ్డా. నోట్ల పటకారున్నప్పుడు గూడ గదే సెప్పిన. మంత్రం సదువుతుందని, ఇంకా గట్టిగ పట్టుకోమన్నవు నువ్వే."