పలకల కాలువ దగ్గర పిలుపు

ఏంటా నవ్వు? ముందు నోరు మూసుకుని కూర్చో. దెయ్యాలు లేవని నాకూ తెలుసు. లేని దెయ్యాన్ని పుట్టించి జనం మీదికి వదిలేవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళూ నీలాగే నవ్వుతారు. విను. సగంలో లేవకు.

ఇళ్ళు అయిపోయాక ఆ చిత్తడి నేల ఉంది చూశావూ... పొద్దుగూకితే అటు ఎవరూ తొంగి చూసేవారు కాదు. రెల్లు మధ్య ఆకుపచ్చ దీపం ఒకటి కదిలేదట. ఆ వెనకే ఒక మూలుగు — బూ...మ్... నేల కడుపులోంచి వచ్చినట్టు.

ఇదంతా నాకు చెప్పింది స్థలాల బ్రోకరు భార్య. ఆవిడ అబద్ధమాడదు. ఆడటం వచ్చుంటే ఆ ఇంట్లో సుఖపడేది.

అది ఉత్త బురద కాదు. వేల ఏళ్ళనాటి ఆకూ వేరూ నీళ్ళలో కుళ్ళకుండా పేరుకుని నేలయింది. తడిగా ఉన్నంతకాలం సెగనీ పొగనీ తనలోనే దాచుకుంటుంది. ఎవరో పెద్దమనుషులు పూర్వం కాలువ తవ్వి దాన్ని ఎండగట్టారు. అప్పట్నుంచి ప్రతి వేసవీ నేల లోపల్లోపలే రాజుకునేది. నెలల తరబడి పొగ. పసిపిల్లలకి తెరిపి లేని దగ్గు. పక్షులు ఎటో పోయాయి.

చివరికి బుద్ధొచ్చి, ఒక వడ్రంగి మేస్త్రి చేత కాలువకి అడ్డంగా చెక్క పలకలు బిగించి వేయించారు. ఒకదాని మీద ఒకటి, ఏడు. నీళ్ళు నిలిచాయి. ఆ వేసవి పిల్లలు దగ్గకుండా నిద్రపోయారు.

తర్వాతే ఆ దీపం, ఆ మూలుగు మొదలయ్యాయి. తెల్లారి చూస్తే పై మూడు పలకలు ఊడి పడున్నాయి. మేస్త్రి బిగించాడు. మళ్ళీ ఊడాయి.

"దానికి నీళ్ళు పడవేమో మేస్త్రీ," అన్నాడు బ్రోకరు నలుగురిలో. "ఓ రాత్రి కాపలా ఉండి అడగరాదూ?"

"దెయ్యానికి పానా ఎందుకు బాబూ? నట్లు తిప్పి మరీ తీస్తోంది."

"పని నేర్చిన దెయ్యమేమో!"

అందరూ పగలబడి నవ్వారు. కాపలాకి మాత్రం ఒక్కడూ రాలేదు.

నీకు అర్థమయ్యే ఉంటుంది. కాలువ పక్క పన్నెండెకరాలు బ్రోకరువి. ఎండితే ప్లాట్లు, తడిస్తే కప్పలు. టార్చికి పచ్చగుడ్డ చుట్టేవాడు. ప్లాస్టిక్ గొట్టంలో నోరుపెట్టి ఊదేవాడు. భార్యకి పట్నంలో పని అని చెప్పి వెళ్ళేవాడు. ఆవిడ ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తుందేమోనని ఒక జాగ్రత్త కూడా చెప్పాడు.

"ఈమధ్య అది తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తోందిటే. అచ్చం నా గొంతుతో పిలిచినా సరే, తెల్లారేదాకా తలుపు తీయకు."

ఆవిడ పక్కింటి అత్తయ్యకి చెప్పింది. సాయంత్రానికల్లా వీధి వీధంతా నేర్చుకుంది.

ఆ రాత్రీ వెళ్ళాడు. మూడు పలకలు తీశాడు. గొట్టం ఊది, పక్కన పడేశాడు.

నిశ్శబ్దం...

బూ...మ్.

గొట్టం నేల మీదుంది. తన నోరు మూసే ఉంది.

బూ...మ్... ఈసారి దగ్గర్లో.

వెనక్కి ఒక్క అడుగు వేశాడు. ఆ గట్టుని ఏడాదిగా ఎండగట్టింది తనే. లోపలంతా పగుళ్ళు. పుటుక్కున విరిగింది. ఛాతీ దాకా బురదలో దిగిపోయాడు. తన్నుకున్నకొద్దీ ఇంకాస్త లోపలికి.

"ఒసేవ్! నేనేనే! తాడు తెండే... చచ్చిపోతున్నాను!"

చివరి ఇంట్లో దీపం ఆరిపోయింది. అది ఆయన ఇల్లే. తర్వాత పక్కది. ఆ పక్కది.

"అచ్చం ఆయన గొంతే అత్తయ్యా..." అంది భార్య చీకట్లో, తోడు పడుకోవడానికొచ్చిన పక్కింటావిడతో.

"అందుకే తీయకు. మీ ఆయన ముందే చెప్పాడు, దేవుడిలాంటి మనిషి. ఎలా ఏడుస్తోందో చూడు, ఎంత నేర్పు!"

తెల్లవార్లూ అరిచాడు. బురద వదల్లేదు, వీధి కదల్లేదు.

తెల్లారాక మేస్త్రి వచ్చాడు. ఊడిన ఆ పలకలే బురద మీద పరిచి, బోర్లా పడుకుని, చంకల్లో చేతులు వేసి లాగాడు. అప్పుడే రెల్లులోంచి మళ్ళీ — బూ...మ్. బ్రోకరు హడలిపోయి మేస్త్రిని కావలించుకున్నాడు. మేస్త్రి అటు చూస్తే, ఎండు రెల్లు రంగులో ఒక పక్షి, మెడ నిక్కించి చూస్తోంది.

"మా నాన్న చెప్పిన పిట్ట ఇదే," అన్నాడు మేస్త్రి కళ్ళు తుడుచుకుని. "నీళ్ళు నిలిచాయని తిరిగొచ్చింది. నీ గొట్టం విని మరో పిట్ట అనుకుందయ్యా, బదులు పలికింది."

ఆ రాత్రి అరుపులతో బ్రోకరు గొంతు పోయింది. మాటల మీద బతికినవాడికి ఒక బొంగురు మూలుగు మిగిలింది. ప్లాట్లు కొనడానికి ఎవరైనా వస్తే "దెయ్యం లేదండీ... అదంతా నేనే..." అని ఆ గొంతుతోనే చెప్పేవాడు. వచ్చినవాళ్ళు కారు అద్దాలు ఎత్తేసుకుని వెళ్ళిపోయేవారు.

ఒకనాడు చీకటి పడ్డాక ఇంటికొచ్చి తలుపు తట్టాడు.

"నేనే... తియ్యి..."

లోపల్నుంచి భార్య నెమ్మదిగా అంది: "మీ గొంతుతో పిలిచినా తీయొద్దన్నారు. ఇది మీ గొంతు కూడా కాదు."

తెల్లారేదాకా గడప మీదే కూర్చున్నాడు. అవతల నిండు నీళ్ళలో ఆ పిట్ట పిలుస్తూనే ఉంది.

ఇప్పటికీ పొద్దుగూకితే ఆయనకి ఆ గడపే గతి.