మాణిక్యాంబ జారుడు దగ్గర రివర్స్ గేరు

సీతంపాలెం రేవు పేరు చెబితే పగలు కూడా ఒళ్ళు జలదరించే డ్రైవర్లున్నారు. మనుషుల్నీ బళ్ళనీ కలిపి గోదావరి దాటించే పంటు అక్కడే ఆగుతుంది. గట్టు మీంచి పంటు దాకా ఏటవాలు దారి. దాని పేరే మాణిక్యాంబ జారుడు.

ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట మాణిక్యాంబ అనే ఆవిడ చంటిపిల్లతో సహా ఎడ్లబండిలో ఆ జారుడు మీంచి నీళ్ళలోకి పోయింది. పిల్ల దొరికింది... ఆవిడ దొరకలేదు. అప్పట్నుంచీ అక్కడ ఏ బండి జారినా ఆవిడే చక్రం పట్టి లాగిందంటారు. నేను లెక్కపెట్టినవే పదకొండు బళ్ళు. నా షెడ్డులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న లాజరు మూడే అంటాడు. వాడికి లెక్కలు రావు.

ఇక నా సంగతి. రావులపాలెంలో పల్లంరాజు షెడ్డు ఎక్కడంటే కుక్కలు కూడా దారి చూపిస్తాయి. అన్నవరం కొండ మధ్యలో ఆగిపోయిన బస్సుని ఒక్క స్పానరుతో, అదీ నూట మూడు జ్వరంలో, పైకెక్కించినవాణ్ణి. ఇంజను ఒక్కసారి దగ్గిందంటే అందులో ఏ నూనె పోశారో, ఏ కొట్లో కొన్నారో చెప్పేస్తాను. అలాంటి నాకు కూడా...

రెండు వేల మూడు, పుష్యమాసం. సీతంపాలెం రైతు హరిబాబు గారు తన ఎర్ర కారు తీసుకొచ్చారు. వెనక తలుపు పైకి లేచే చిన్నకారు. కుర్రాళ్ళు రేసులకి ముచ్చటపడే రకం. తొక్కితే తూనీగలా పోతుంది.

మనిషి దిగాడు. తలుపైనా వెయ్యకుండా నా దగ్గరికొచ్చాడు.

"రాజుగారూ... ఇది గేర్ల సంగతో... మరొకటో... మీరే తేల్చాలండి."

ఆయన చెప్పింది ఇది.

నాలుగు రోజుల కిందట, తెల్లవారుజామున, ఆయన కూతురు దేవిశ్రీకి ఆయాసం ముదిరింది. ఏడేళ్ళ పిల్ల. పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆస్పత్రి అవతలి ఒడ్డున. అయిదింటికి మొదటి పంటు. భార్య నాగదుర్గ పిల్లని ఒళ్ళో పెట్టుకుని వెనకసీట్లో కూర్చుంది. ముందు, ఈయన పక్క సీటు ఖాళీ.

బయట పొగమంచు... చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. కారు మొండికేస్తోంది. ఫస్టు పడదు. సెకండు కరకరలాడుతుంది. రివర్స్ అయితే నెలరోజులుగా పడనే లేదు. ఇంటిదగ్గర పాలేళ్ళు వెనక్కి నెట్టి తిప్పుతున్నారు.

రేవు చేరేసరికి మంచులో ఒక దీపం... దగ్గర్లోనే.

"పంటొచ్చేసింది," అన్నాడు హరిబాబు. కారు దించాడు.

దీపం కదిలింది. దూరం జరిగింది... అది నది మధ్యలో ఉంది. పంటు రాలేదు. ముందర పంటెక్కే పలకల్లేవు. నల్లటి నీళ్ళు.

బ్రేకు తొక్కాడు. ఆగలేదు. ఒండ్రు మీద చక్రాలు బిగిసిపోయి, కారు మాత్రం మెల్లగా... జారుతోంది. హ్యాండుబ్రేకు లాగాడు. అయినా జారుతోంది. ముందు చక్రాలు నీళ్ళలోకి దిగిన చప్పుడు వినిపించింది.

"ఏంటండీ..." అంది నాగదుర్గ గుసగుసగా. "ఏంటండీ అది..."

హరిబాబు క్లచ్చి అదిమి, గేరు రాడ్డుని రివర్స్ లోకి తోశాడు. గోడకి తోసినట్టుంది. మళ్ళీ తోశాడు. హెడ్‌లైట్లు నీళ్ళలో మునిగి ముందంతా పచ్చగా వెలిగింది. వెనక పిల్ల ఊపిరి ఈలలా... సన్నగా... ఆగి... మళ్ళీ సన్నగా...

అప్పుడు — రాడ్డు మీదున్న ఆయన ఎడంచేతి మీద ఒక చెయ్యి పడింది.

చల్లటి చెయ్యి. తడిసిన చెయ్యి. మట్టిగాజులు ఆయన మణికట్టుకి తగిలాయి.

భార్యే అనుకున్నాడు. ఆ చెయ్యి ఒత్తింది. రాడ్డు వెన్నలో కత్తిలా రివర్స్ లోకి దిగింది. యాక్సిలరేటరు తొక్కాడు. కారు అరుస్తూ వెనక్కి, గట్టు మీదికి ఎక్కేసింది.

అప్పుడు అద్దంలో చూశాడు. నాగదుర్గ రెండు చేతులతో పిల్లని గుండెకి అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

పక్క సీటు... ఖాళీ.

"పిల్ల దక్కిందండి," అన్నాడు హరిబాబు నా షెడ్డులో. "పంటొచ్చాక అవతలికి దాటించాం, ఆస్పత్రి నుంచి నిన్న తెచ్చుకున్నాం. మళ్ళీ రివర్స్ జోలికి పోలేదు, నాకు ధైర్యం చాలక. కానీ రాజుగారూ... ఆవిడ పిల్లతో పోయిందంటారు కదా. నా పిల్ల వెంట గానీ పడిందేమోనని... మా ఇంట్లో నాలుగు రోజులుగా ఎవ్వరికీ నిద్రల్లేవండి."

నేను నవ్వాను. గోదావరి అవతలికి వినపడేలా నవ్వాను.

"ముందిది చెప్పండి. గేర్‌బాక్సులో ఏం నూనె పోశారు?"

"ఇంట్లో ట్రాక్టరు నూనె డ్రమ్ముంటేనూ... పొలం దమ్ము చేసేదానికి సరిపోయింది, దీనికి సరిపోదా అని..."

"అదండీ మీ దెయ్యం!" అన్నాను. "దీనికి పల్చటి నూనె పొయ్యాలి. డెబ్బై అయిదు - ఎనభై నంబరని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. మీరు పోసింది తొంభై నంబరు, చిక్కటిది. ఈ చలికి అది బెల్లంపాకంలా గడ్డకడుతుంది. లోపల ఇత్తడి రింగులు జారి పళ్ళని కలపాలి కదా, పాకంలో ఎలా జారతాయి? పైగా అందులో కలిపే మందు ఇత్తడిని తినేస్తుంది. ఆ రోజు రేవు దాకా నడిచేసరికి నూనె వేడెక్కి పల్చబడింది, రివర్స్ పడింది. ఇంటిదగ్గర ఎప్పుడూ చల్లటి బండితోనే చూసుంటారు, అందుకే పడలేదు."

"మరి ఆ చెయ్యి..."

"భయానికి మీ చెయ్యే చల్లబడుంటుందండి."

ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. "నిజమేనాండీ?"

"పల్లంరాజు చెప్పాక నిజం కాక చస్తుందా?"

"ఆయ్, చావాల్సిందే," అన్నాడు లాజరు కారు కింద నుంచి.

ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి గేర్‌బాక్సు దింపాం. నూనె వంపాం. నల్లగా, చిక్కగా, ఇత్తడి పొడితో మెరుస్తూ... అచ్చం నేను చెప్పినట్టే. పెట్టె విప్పాం.

లాజరు చెయ్యి ఆగిపోయింది.

"రాజుగారూ," అన్నాడు. "రివర్స్ ఫోర్కు..."

రాడ్డు తోస్తే, లోపల రివర్స్ చక్రాన్ని నెట్టి పళ్ళలో కలిపేది ఆ ఫోర్కే. అది రెండు ముక్కలై అడుగున పడుంది. విరిగిన అంచులు అరిగి, నున్నబడి, నల్లబడి ఉన్నాయి. నిన్న విరిగింది కాదు. నాలుగు రోజుల కిందట విరిగిందీ కాదు. నెల పైమాటే.

నూనె వేడిదైనా, చల్లదైనా, అసలు నూనే లేకపోయినా... ఆ కారు వెనక్కి రాదు.

"మరి ఆ రోజు..." అన్నాడు లాజరు.

"నోర్ముయ్," అన్నాను.

బయట బల్ల కిర్రుమంది. హరిబాబు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"ఏంటండీ? నూనేనా? పిల్ల వెంట... ఏం లేదు కదండీ?"

ముక్కల్ని గుప్పిట్లో మూశాను.

"నూనేనండి," అన్నాను. "ఒట్టి నూనె."

ఆయన లాజరు కేసి చూశాడు. లాజరు నాకేసి చూశాడు.

"ఆయ్... నూనేనండి," అన్నాడు లాజరు.

హరిబాబు గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోయి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కొత్త ఫోర్కు తెప్పించి, రింగులు మార్చి, పల్చటి నూనె పోసి మూడోనాడు పంపేశాం. కారు వెళ్ళాక ఆ పాతముక్కల్ని గుడ్డతో తుడిచాను. నూనె వదిలింది. ఇనుము తేలింది.

ఇనుము మీద తడి.

మళ్ళీ తుడిచాను. దీపం కింద పెట్టి చూశాను. కింద నుంచి మెల్లగా... చెమటలా... మళ్ళీ నీళ్ళు. వాసన చూశాను.

గోదావరి ఒండ్రు వాసన.