ఐదో ముడి

"ఆ ఎర్ర జీపు ఎవరిదండీ, దారికడ్డంగా పెట్టేరు?"

అన్నాక గానీ తరుణ్‌కి నోరు జారిన సంగతి తెలియలేదు. ట్రాక్టరు లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలేసిన జీపులోంచి ఒక అమ్మాయి కిందికి దూకింది.

"ఎరుపేటి? ఆకుపచ్చ జీపది. కళ్ళు ఏ సంతలో ఒగ్గీసొచ్చావు?"

"జోకండీ," అన్నాడు తరుణ్.

"బండి సచ్చిపోయి మేం ఏడస్తంటే నీకు జోకులొస్తన్నాయా?"

పరిచయం అలా అయింది. ఆమె పేరు రత్న. ఆమె నాన్న సోంబరు ఇరవయ్యేళ్ళుగా కొండమీది ఊరి నుంచి అరకు శుక్రవారం సంతకి జీపు తోలాడు. మోకాళ్ళు మొరాయించాక స్టీరింగ్ కూతురి చేతికొచ్చింది. వచ్చిన ఏడాదే ఇంజను పట్టేసింది. షెడ్డు యజమాని సన్యాసిరావు విశాఖ పాతసామాన్ల బజారు నుంచి వేరే బండి ఇంజను తెచ్చి బిగించాడు. వచ్చే శుక్రవారం ఊరి కాఫీ బస్తాలు సంతకి దిగాలి. జీపు వెళ్ళకపోతే అవి ఇంకో బండెక్కుతాయి. ఒకసారి పోయిన కిరాయి మళ్ళీ రాదని రత్న బెంగ.

ఇక మిగిలింది వైరింగే. అది తరుణ్ పని. పాత ఇంజనుకి నాలుగు వైర్లుంటే సరిపోయేది. కొత్తదానికి జడంత కట్ట ఉంది, అది చాలదన్నట్టు ఒక కంప్యూటర్ డబ్బా కూడా.

తరుణ్‌కి ఒక రహస్యం ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు, మూడూ అతని కళ్ళకి ఒకే బురదగా కనిపిస్తాయి. రంగులు తెలియని ఎలక్ట్రీషియన్‌ని పనిలో ఎవరుంచుకుంటారు? అందుకని ఎవరికీ చెప్పలేదు. టెస్టర్ లైటు పెట్టి ఒక్కో వైరునీ వెతికి పట్టుకుంటాడు. పట్టుకున్నదాని చివర నూలుదారంతో ముళ్ళు వేసుకుంటాడు. తాళంచెవి వైరుకి ఒకటి, డీజిల్ పంపుకి రెండు, రేడియేటర్ ఫ్యానుకి మూడు, హారన్‌కి నాలుగు. ఎవరైనా అడిగితే మా గురువుగారి పద్ధతి అంటాడు. ఆ గురువుగారు లేనేలేడు.

పని తొందరగా అవ్వాలని రత్న రోజూ షెడ్డుకి వచ్చి కూర్చునేది.

"మూడు ముళ్ళూ ఫేనుకేసీసినావేటి? రేపు పెళ్ళామొస్తే ఏటి సేత్తావు?"

"ఆవిడకి ఫ్యాను తిరిగితే చాలు," అన్నాడు తరుణ్. రత్న పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో జీపు పాడైనా బాగుండునని అతనికి అనిపించింది. అలా అనుకున్నందుకు సిగ్గూ వేసింది.

"ఈ నల్లడబ్బీ ఏటి?"

"రిలే. అంత కరెంటూ తాళంచెవి మోయలేదు. అది ఊఁ అంటుంది, బరువు ఇది మోస్తుంది."

"మా ఇంట్లోలాగే. మాయమ్మ ఊఁ అంటాది, మా నాన్న మోస్తాడు. మరి ఈ ఫ్యూజో?"

"ఎక్కడైనా తేడా వస్తే ముందు తను కాలిపోతుంది, బండి కాలకుండా. అందుకే దాన్ని మోసం చెయ్యకూడదు."

అంతా బాగానే ఉంది, మంగళవారం దాకా. రంగు పేరు ఎత్తకూడదని పదేళ్ళుగా పెట్టుకున్న ఒట్టు ఆ రోజు మళ్ళీ తనే తీసి గట్టున పెట్టాడు. "నిన్నటి ఆకుపచ్చ చున్నీ నీకు బాగుంది," అన్నాడు.

రత్న మొహం మాడిపోయింది. "నాకు ఆకుపచ్చ చున్నీ నేదు. నిన్న నేనేసుకున్నది ఎరుపు. నువ్వు సూసిన గుంటెవత్తో దాన్నే అడుగు."

ఆ రెండు రోజులూ స్పానరు అడిగితే స్పానరు ఇచ్చింది తప్ప మాట ఇవ్వలేదు. తరుణ్‌కి అన్నం సహించలేదు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే రత్న పోతుంది. ఎటూ పాలుపోలేదు.

గురువారం రిలేల కోసం విశాఖ వెళ్ళి వానలో తడుస్తూ తిరిగొచ్చాడు. జీపు దగ్గర రత్న నవ్వుతూ నిలబడి ఉంది. వైర్ల కట్టకి టేపు చుట్టేసి ఉంది. నీటుగా, జడ వేసినట్టు. ముళ్ళు మాత్రం ఒక్కటీ లేవు. వాటి చోట రంగు దారాలున్నాయి.

"నీ ముళ్ళన్నీ సిక్కుపడిపోనాయి. ఇప్పీసి రంగుదారాలు కట్టేను. మా మామ్మ ఇత్తనాల మూటలకి ఇలగే కడతాది. సామలకి ఎరుపు, సోళ్ళకి ఆకుపచ్చ. ఒక్క ఏడూ తప్పునేదు. ఇక్కడ పంపుకి ఎరుపు, ఫేనుకి ఆకుపచ్చ. బాగుందా?"

అది రాజీకొచ్చిన మనిషి నవ్వు. రెండు రోజులుగా అతను మొహం వాచి ఉన్న నవ్వు. దాన్ని ఆర్పే ధైర్యం అతనికి లేకపోయింది. "చాలా బాగుంది," అన్నాడు. అన్నీ మళ్ళీ టెస్టర్‌తో చూస్తానంటే ఎందుకని అడుగుతుంది. గుండె చిక్కబట్టుకుని వైర్లు ఊహ మీద కలిపేశాడు.

సన్యాసిరావు తాళం తిప్పాడు. ఫ్యాను అర చుట్టు తిరిగింది. టప్. పంపుకి పెట్టిన చిన్న ఫ్యూజు కాలిపోయింది. కొత్తది పెట్టారు. అదీ పోయింది.

"ఇంకా ఫ్యూజులేటిరా? సీకటడిపోతంది. ఓ రాగితీగ ముక్క ఎట్టీ, బేగి పంపీ," అన్నాడు సన్యాసిరావు.

తరుణ్ తీగముక్క చేతిలోకి తీసుకున్నాడు. పెడితే ఇప్పుడు ఏమీ కాలదు. రహస్యమూ బయటపడదు. రేపు ఘాట్ రోడ్డు మీద, బస్తాలతో, మనుషులతో, వైర్ల కట్టే అంటుకుంటుంది. స్టీరింగ్ దగ్గర రత్న ఉంటుంది. తీగ కింద పడేశాడు.

"బాబాయ్, తప్పు నాది. పంపు వైరూ ఫ్యాను వైరూ తారుమారు చేశాను. నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదు. చిన్నప్పట్నించీ అంతే. ముళ్ళు అందుకే వేసుకుంటాను."

సన్యాసిరావు బీడీ తీసి, వెలిగించడం మానేసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నాలుగేళ్ళయి నా దగ్గరున్నావు. ఒక్క బండైనా కాలిందేటి?"

"లేదు."

"మరింకేటి? పనికానీ," అని లోపలికి వెళ్ళిపోయాడు.

రత్న దగ్గరికొచ్చింది. "అయితే మా జీపు?"

"నాకు ఎర్రదే అనిపించింది."

"నా చున్నీ?"

"నీదే. ఇంకెవర్నీ నేను చూడలేదు, రత్నా."

రత్న గబగబా దారాలు విప్పడం మొదలుపెట్టింది. "ముందే సెప్పుంటే ఏటి పోయేది? నీ కళ్ళు సూసా జీపు అప్పగించేం? సేతులు సూసి అప్పగించేం. లైటెట్టు. పంపుకి రెండే కదా?"

అతను వైరు వెతికాడు, ఆమె ముడి వేసింది. పూర్తిగా చీకటి పడకముందే ఇంజను అందుకుంది.

రాత్రికి రాత్రే ఊరెళ్ళి బస్తాలు ఎక్కించుకున్న జీపు శుక్రవారం పొద్దున్నే సంతలో దిగింది. తరుణ్ అక్కడే కాచుకుని ఉన్నాడు. ముందు సీట్లోంచి సోంబరు మోకాళ్ళు పట్టుకుంటూ దిగాడు. "మేస్త్రీ, ఘాట్లో ఎక్కడా ఆగనేదు. అంతా సెప్పింది మా గుంట," అని తరుణ్ భుజం తట్టి బస్తాల వైపు వెళ్ళాడు.

అంతా అంటే ఏమేమి చెప్పిందో తరుణ్‌కి అర్థం కాలేదు. రత్న ఎదురుగా వచ్చి నిలబడింది. కొత్త చున్నీ.

"ఇది ఏ రంగో సెప్పు."

"తెలీదు," అన్నాడు తరుణ్. పదేళ్ళలో ఆ మాట ఇంత తేలిగ్గా ఎప్పుడూ రాలేదు.

చున్నీ కొస తెచ్చి అతని చేతిలో పెట్టింది. బొటనవేలితో ముళ్ళు తడిమాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకొకటి ఉంది. మళ్ళీ తడిమాడు. అయిదే.

"నా లెక్క నాలుగుతో ఆగిపోయింది. అయిదు దేనికి?"

"నాకు. ఇకమీద తప్పు సెప్పకు."

బస్తాల దగ్గర్నించి సోంబరు కేకేశాడు. "అల్లుడా, ఓ సెయ్యెయ్యి!"

చున్నీ కొస వదలబుద్ధి కాక, రెండో చెయ్యి వేయడానికి వెళ్ళాడు తరుణ్.