సమతాడు చెప్పని సంగతి

2074 నాటికి హిమాలయాల్లో ఆక్సిజన్ సిలిండర్ మోసుకెళ్ళడం నేరం. మంచు కింద పేరుకుపోయిన ఖాళీ సిలిండర్లను ఏరి దించడానికే ఇరవై ఏళ్ళు పట్టింది మరి. ఇప్పుడు కొండెక్కేవాళ్ళ బూట్లే వాళ్ళకు ఊపిరిని తయారుచేసి పెడుతున్నాయి.

అడుగు పడ్డప్పుడల్లా మడమ కింద చిన్న డైనమో తిరుగుతుంది. ఆ కరెంటుతో మాస్కులోని వాయుసాంద్రకం చుట్టూ ఉన్న పలచని గాలిని చిక్కబరిచి ముక్కుకు అందిస్తుంది. అయితే నీరసపడ్డ మనిషి అడుగు ఆ మనిషి ఊపిరికే చాలదు. అందుకని బృందాన్ని కలిపి కట్టే తాడులోనే తీగ వేశారు. ఎవరి నెత్తుట్లో ఆక్సిజన్ ఎంతుందో క్షణక్షణం చూసుకుంటూ, ఓపిక ఉన్నవాళ్ళ బూట్లలోని డైనమోను బిగించి, అడుగు బరువెక్కించి ఎక్కువ కరెంటు లాగి, లేనివాళ్ళ మాస్కులకు పంపుతుంది ఆ తాడు. దాని పేరు సమతాడు. కొండ మొహం ఎరగనివాళ్ళు కూడా నాలుగు రోజుల్లో ఏడువేల మీటర్ల దాకా ఎక్కగలుగుతున్నారంటే దాని చలవే.

సమతాడు చెవిలో మాట్లాడుతుంది కూడా. వాతావరణం చెబుతుంది, దారి చెబుతుంది. ఎవరు ఇస్తున్నారో, ఎవరు పుచ్చుకుంటున్నారో మాత్రం చెప్పదు.

నాలుగో రోజు పొద్దున లాస్యను తినేస్తున్నది సరిగ్గా ఆ విషయమే.

లాస్యకు నలభై నాలుగేళ్ళు. పదిహేనేళ్ళు తెనాలిలో అమ్మాయిలకు కబడ్డీ నేర్పింది. కిందటేడు వయసు మీరిందంటూ ఆమెను కోచ్ పదవి నుంచి తప్పించారు. శిఖరం మీద నిలబడి ఒక్క ఫోటో దిగాలి, దాన్ని ఆ తప్పించినవాళ్ళకు పంపాలి. అందుకే వచ్చింది. తీరా చూస్తే, ఆరువేల ఏడువందల మీటర్ల ఎత్తున, బూట్లకు సీసం పోసినట్టుంది. ఒక్కో అడుగూ పెకలించి వెయ్యాల్సి వస్తోంది.

ఆమెకు ముందు తాడు మీద భానుప్రకాశ్ నడుస్తున్నాడు. అరవై ఏడేళ్ళ మనిషి, విశాఖ రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. గట్టిగా ముప్పై అడుగులు వెయ్యడు, ఆగిపోతాడు. మోకాళ్ళ మీద చేతులాన్చి దగ్గుతాడు. అతను ఆగితే వెనక లాస్య ఆగాలి, ఆమె వెనక బ్యాంకు ఉద్యోగి చేతన్ ఆగాలి.

అందరికన్నా ముందున్న గైడు పాంగి నీహారిక వెనక్కి తిరిగింది. అరకు వైపు మనిషి. ఈ కొండ ఆమెకు పద్దెనిమిదోసారి.

"పదకొండుకల్లా గాలి లేస్తాది. అప్పటికి పైకి చేరకపోతే దిగిపోడమే. నడండి బేగి," అంది.

లాస్య గడియారం చూసుకుంది. తొమ్మిదిన్నర అయిపోయింది.

"సమతాడూ, నా కరెంటు ఎవరికి పోతోంది?" మాస్కులోనే అడిగింది.

"ఆ వివరం చెప్పే అనుమతి నాకు లేదు," అంది చెవిలో గొంతు, మర్యాదగా.

"ముందున్నాయనకే కదా?"

"మీ నాడి వేగంగా ఉంది లాస్యగారూ. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి."

వెనకనుంచి చేతన్ దగ్గరికొచ్చాడు. "నాకూ అదే అనుమానం అక్కా. మొన్నటినుంచీ నా కాళ్ళు లాగేస్తున్నాయి. ఆయన్ను మనిద్దరం మోస్తున్నాం," అన్నాడు గుసగుసగా.

దాంతో ఆమె అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

శిఖరానికి వంద మీటర్ల దిగువన, ఒక బండ చాటున నీహారిక అందర్నీ ఐదు నిమిషాలు కూర్చోమంది. భానుప్రకాశ్ కూలబడి కళ్ళు మూసుకున్నాడు. లాస్య అతన్నే చూస్తోంది. ఈయన్ని ఇక్కడినుంచి దింపెయ్యరేం? ఈయన దగ్గుకు నేనెందుకు వెనకపడాలి?

ఆమె నడుము దగ్గర తాడుకు రెండు బిగింపులుంటాయి. ఇనుప కొక్కెం మనిషి పడిపోకుండా పట్టుకునేది, నీలం ప్లగ్గు కరెంటుది. నీహారిక మబ్బుల్ని చూస్తుండగా లాస్య నీలం ప్లగ్గును పీకేసి జాకెట్ కింద దాచుకుంది.

లేచి నడిచింది. ఎంత తేలిక! బూట్లు ఇట్టే లేస్తున్నాయి. అనుకున్నదే నిజమైంది. ఇన్నాళ్ళూ తన సత్తువంతా ఆ ముసలాయన తాగేశాడు. ఇప్పుడు తెలుస్తుంది అందరికీ, ఎవరు పడిపోతారో.

భానుప్రకాశ్ పడిపోలేదు. చేతన్ మాత్రం రెండుసార్లు తూలాడు.

నాలుగైదు నిమిషాలు గడిచాయి. లాస్యకు నవ్వొచ్చింది, ఎందుకో తెలియలేదు. చేతులు వెచ్చగా అనిపించి గ్లౌజు లాగెయ్యబోయింది. చూపు అంచుల్లో మంచు నల్లగా మారింది. ఆ నలుపు నాలుగు వైపులనుంచీ కమ్ముకొస్తుంటే, చెవిలో ఎవరో తన పేరు పిలుస్తున్నారు. కూర్చుంటే బాగుంటుందనుకుంది. కూర్చుంది.

కళ్ళు తెరిచేసరికి ముందు శబ్దం వినబడింది. దబ్, దబ్, దబ్. ఎవరో మంచును తొక్కుతున్నారు. భానుప్రకాశ్ ఆమె తల దగ్గరే నిలబడి, ఉన్నచోటే కాళ్ళు ఎత్తెత్తి వేస్తున్నాడు. మొహమంతా చెమట, గడ్డం మీద మంచు గడ్డలు. నీలం ప్లగ్గు మళ్ళీ ఆమె నడుముకుంది. నీహారిక కూడా తొక్కుతోంది. చేతన్ మోకాళ్ళ మీద కూలబడి బిత్తరచూపులు చూస్తున్నాడు.

"ఆపీకండి భానుగారూ, ఇంకో పది నిమిషాలు," అరిచింది నీహారిక.

"ఆపనమ్మా... నువ్వు పిల్లని చూడు," అన్నాడతను దగ్గు మధ్యలో.

శిఖరం అక్కడే ఉంది, చెయ్యి చాస్తే అందేలా. గాలి లేచింది. దిగిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి శిబిరం చేరాక, నీహారిక వేడి సూప్ పట్టుకుని లాస్య గుడారంలోకి వచ్చింది. గిన్నె ఆమె చేతికిచ్చి పక్కన కూర్చుంది.

"చెప్పమ్మా. ఎవరు ఎవర్ని మోశారు?" అడిగింది లాస్య.

నీహారిక ఆమె బూట్ల వైపు చూసింది. "ఇవి రెండోరోజునుంచీ సున్నాలోనే ఉన్నాయండి. మీ దగ్గర్నుంచి తాడు చుక్క కరెంటు తియ్యలేదు. చేతన్ గారివీ అంతే."

"మరి ప్లగ్గు పీకితే తేలికయ్యాయిగా!"

"ఏటీ అవలేదు. మీకలా అనిపించింది."

లాస్య సూప్ గిన్నె కింద పెట్టేసింది.

"ఆయన క్రేను నిచ్చెనలు నలభై ఏళ్ళు ఎక్కీ దిగీ ఉన్నాడు. ఆ కాళ్ళు అలాటివి. మీ ఇద్దరికీ సరిపడా నేనొక్కదాన్నే ఇవ్వలేను. ముప్పాతిక ఆయనదే. బూట్లు అంత బిగిస్తే ఆగాగి నడవక ఏం చేస్తాడు?"

"ముందే చెప్పొచ్చు కదా!"

"మొదటేడు చెప్పేవోరు. ఎవరిదెంతో మణికట్టు మీద కనబడేది. ఇచ్చేవోళ్ళు ప్లగ్గులు పీకీసీవోరు. ఇద్దరు పోయారు. అప్పుడు గైడుకి తప్ప అందరికీ దాచీసినారు. దాచినకాడ్నించీ ఈవేళ దాకా గొడవ లేదండి. ఎందుకంటే తాడు మీదున్న ప్రతోళ్ళూ తామే ఇస్తన్నామనుకుంటారు గానీ, రూఢిగా ఎవరికీ తెలీదు." ఆగి, "ఆయనకి మాత్రం చెప్పకండి," అని వెళ్ళిపోయింది.

కాసేపటికి గుడారం తెర తొలగించి భానుప్రకాశ్ తల లోపలికి పెట్టాడు.

"ఎలాగుంది తల్లీ? క్షమించమ్మా. నా మూలాన్నే నీ శిఖరం పోయింది. మీ అందరి ఊపిరీ నేనే తాగీస్తన్నానని మొదటిరోజే తెలిసింది నాకు. నీ ప్లగ్గు ఊడి కనబడగానే, నన్ను మొయ్యలేక పీకీసుకున్నావనుకున్నాను. అందుకే తొక్కినాను, బాకీ తీర్చుకుందారని."

లాస్య అతని కళ్ళలోకి చూడలేకపోయింది. నీహారిక మాట గుర్తుంది. కానీ ఆ మనిషి తనకు క్షమాపణ చెబుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"బాబాయ్, మీరు తాగలేదు. నేను తాగాను," అంది. అంతా చెప్పేసింది. చేతన్ సంగతి కూడా.

భానుప్రకాశ్ తన బూట్ల కేసి చూసుకున్నాడు. "నేనా?" అన్నాడు. మళ్ళీ, "ముప్పాతిక నాదేనా?" అన్నాడు. నవ్వాడు. లాస్యకు కన్నీళ్ళాగలేదు. చెప్పడమే మంచిదైందనుకుంది.

మర్నాడు పొద్దున దిగడానికి అందరూ తాడుకు కట్టుకున్నారు. చేతన్ ప్లగ్గు పెట్టుకున్నాడు. లాస్య పెట్టుకుంది. భానుప్రకాశ్ నీలం ప్లగ్గు చేత్తో పట్టుకుని కొంచెంసేపు తిప్పితిప్పి చూశాడు. చివరికి పెట్టుకున్నాడు. నడక సాగింది.

దిగేదారిలో చిన్న ఎక్కుడు ఒకటి వచ్చింది. సగంలో లాస్య ఊపిరందక ఆగింది. ముందున్న భానుప్రకాశ్ కూడా ఆగి వెనక్కి తిరిగాడు. ఆమె మొహం చూడలేదు. బూట్ల వైపు చూశాడు.

"ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాడు.

మాట మెత్తగానే ఉంది. లాస్య వెంటనే కాలు లేపి నడవబోయింది. కాలు లేవలేదు.