రెండు గంటల రొయ్యలు

సాయంత్రం నాలుగూ ఇరవై. రేవు గట్టు మీద, టార్పాలిన్ కింద రూరీ శవం. నాలుగడుగుల దూరంలో వాడి తల్లి ఎఫీ స్టూలు మీద కూర్చుని రొయ్యల తలలు తుంచుతోంది.

డిటెక్టివ్ సార్జెంట్ ఇష్‌బెల్ మన్రో ఆమెను ఆపలేదు. దుఃఖంలో చేతులు ఏదో ఒక పని అడుగుతాయి. తన తల్లి పోయిన రోజున తాను గిన్నెలు తోముకుంటూ కూర్చుంది.

పెద్దకొడుకు టార్కిల్ పడవ అంచున నిలబడ్డాడు.

"తమ్ముడు నీళ్ళలో ఎప్పుడు పడ్డాడు?" ఇష్‌బెల్ అడిగింది.

"రెండూ పదికి. వల అప్పుడే పైకొచ్చింది. తాడు కాలికి చుట్టుకుంది."

"పైకి లాగేసరికి?"

"పోయాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. బాధపడలేదని అమ్మకి చెప్పాను."

"అంతకుముందు?"

"పొద్దున ఏడింటి వల రొయ్యలు తుంచి తోకలు బకెట్లో వేస్తున్నాడు."

"ఆ తోకలేవి?"

టార్కిల్ అర బకెట్ చూపించాడు. "అంతే పడ్డాయి. ఈ పెట్టెలన్నీ రెండింటివి."

నిండుగా మిగిలిన ఒక్క పెట్టెలోంచి ఇష్‌బెల్ ఒక రొయ్యను తీసింది. పీతకున్నట్టు సన్నని పొడుగు డెక్కలు. తల తిప్పి లాగింది. తోక మొదట్లో కండ జావలా వేళ్ళకంటింది.

"మెత్తబడిందే?"

"పెంకు వదిలిన రొయ్య, మేడమ్. ఈ నెలంతా అంతే. పట్నం వాళ్ళకి ప్లేట్లోకి వచ్చాక గానీ తెలీదుగా."

ఇష్‌బెల్ ఆ పెంకును పెట్టె అంచుకు కొట్టింది. టక్కుమంది. మళ్ళీ కొట్టింది. ఆ శబ్దం తనకు ఇష్టంగా ఉందని గమనించి సిగ్గుపడింది.

"పెంకు వదిలేముందు ఎంజైములు పాత పెంకును లోపలినుంచి కరిగిస్తాయి. కొత్తది గోరు పెడితే దిగుతుంది. ఇది రాయిలా ఉంది, టార్కిల్. మెత్తబడింది కండ. అది తలలోని జీర్ణరసం చేసిన పని. రొయ్య చచ్చినా ఆ ఎంజైములు ఆగవు. తల తుంచకపోతే తోకలోకి పాకి కండను అరిగించేస్తాయి. రెండు గంటల్లో ఇంతలా కాదు. ఇవి ఏడింటి రొయ్యలు. తుంచే చేతులు అర బకెట్ దగ్గరే ఆగిపోయాయి. ఏడున్నరకి."

టార్కిల్ నీళ్ళకేసి తిరిగాడు.

"పడవ అమ్మేద్దామన్నాడు. అని, నవ్వాడు. పడ్డాక తాడు పట్టుకునే ఉన్నాడు. బతిమాలితే లాగుదామనుకున్నా."

"బతిమాలలేదా?"

"బతిమాలాడు. పదకొండింటి దాకా."

వెనక ఎఫీ వేళ్ళు ఆగలేదు. ఇష్‌బెల్ అప్పుడు చూసింది. తలలే కాదు, తోకలూ నీళ్ళలోకే పోతున్నాయి. నాలుగు పెట్టెలు అప్పటికే ఖాళీ, మిగిలింది ఇదొక్కటే. వాటికోసం సముద్రపు కాకులు కొట్టుకుంటున్నాయి.

"నలభై ఏళ్ళు రొయ్యల షెడ్డులో ఇదే పని చేశావు, ఎఫీ. మొదటిది వేలికి తగలగానే నీకు తెలిసిపోయుంటుంది."

"తెలిసింది."

"మరి రూరీ?"

"వాడు పోయాడు. వీడున్నాడు."

ఎఫీ ఇంకో రొయ్యను తుంచి రెండు ముక్కలూ నీళ్ళలోకి విసిరింది. టార్పాలిన్ వైపు చూడలేదు.

"ఇంకో పావుగంట ఆగి వచ్చుండకూడదా, అమ్మాయీ?"