ఆమినా బీ తీసిన తీగ

ఆదివారం పొద్దున్నే అబ్దుల్ హమీద్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇల్లంతా హడావిడి చేసేస్తున్నాడు. బందరులో పాత యంత్రాల మ్యూజియం ఆ రోజే తెరుస్తున్నారు. రోల్డుగోల్డు నగలకు తీగ లాగే హమీద్ వాళ్లింటి యంత్రం కూడా అందులో పెట్టారు. మొన్నటి ఉప్పెనలో మునిగి కూడా చెక్కుచెదరని యంత్రం మరి!

“బోర్డు మీద నాన్న పేరు పెద్దక్షరాల్లో రాయించాను,” అన్నాడు టీ తాగుతూ.

“మరి అత్తమ్మ పేరో?” అంది భార్య సలీమా.

“ఆడవాళ్ల పేరు నలుగురిలో పెడితే ఏం బావుంటుంది? అయినా నాన్న పనికి అమ్మ సాయం చేసింది, అంతేగా!”

వంటింట్లో ఆమినా బీ చెయ్యి ఆగిపోయింది. భర్త పీర్ సాహెబ్ తీగను సన్నబరిచే చిల్లుల పట్టెలోంచి తీగ అందిస్తుంటే, పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆయన కన్నుమూసే దాకా చక్రం తిప్పింది ఆవిడే. ఈ హమీద్ కడుపులో ఉన్నప్పుడూ తిప్పింది. అలాంటిది, కొడుకు నోట ఆ మాట వినేసరికి ప్రాణం చివుక్కుమంది. కొంగు తలమీదికి లాక్కుని కోడలి వెంట బయల్దేరింది.

మ్యూజియం హాలు కిటకిటలాడిపోతోంది. “తీగ ఎలా తీస్తారో మాకూ చూపించండి హమీద్ గారూ!” అన్నారు అక్కడి అధికారి పూర్ణచంద్రరావు గారు.

హమీద్ మహా హుషారుగా తీగ పట్టుకుని, చక్రం దగ్గర అక్కడి పనివాణ్ణి నిలబెట్టాడు. అతను ఒక్క ఊపు ఊపాడు. తీగ పుటుక్కున తెగింది. మళ్లీ ఎక్కించారు. మళ్లీ తెగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. హమీద్ మొహం కందగడ్డయింది.

“అమ్మా! కాస్త వచ్చి తిప్పవూ?”

ఆమినా బీ కదల్లేదు. “సాయానికి ఎవరైతేనేం నాయనా? ఇంకెవర్నైనా పిలుచుకో.”

హమీద్ జనాన్ని తప్పించుకుంటూ వచ్చి తల్లి ఎదుట నిలబడ్డాడు.

“తప్పయిందమ్మా. అది సాయం కాదు, నీ పని. నువ్వు లేకపోతే నాన్న ఒక్క మూర తీగ కూడా తీసేవాడు కాదు. అందరి ముందే చెబుతున్నాను, రా అమ్మా!”

ఆవిడ గాజులు పైకి తోసుకుని పిడి పట్టుకుంది. చక్రం నెమ్మదిగా కదిలింది, తర్వాత ఊపందుకుంది. తీగ సన్నగా, పచ్చగా మెరుస్తూ బారుగా వచ్చేసింది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

“ఎవరండీ ఆవిడ?” అని ఎవరో అడిగారు.

“ఆమినా బీ గారు! మా అమ్మ!” అన్నాడు హమీద్ గొంతెత్తి. “ఇది మా అమ్మా నాన్నా ఇద్దరి యంత్రమండీ. రేపే బోర్డు మార్పిస్తాను!”

ఇంతమందిలో తన పేరు వినడం ఆవిడకి అదే మొదటిసారి. గుండె నిండిపోయింది. “ఇంకోసారి, ఇంకోసారి!” అంటూ జనం ముందుకు తోసుకొస్తున్నారు. హమీద్ తీగ ఎక్కించబోయాడు గానీ, కళ్లలో నీళ్లు తిరిగి చిల్లు ఎక్కడుందో కనబడడం లేదు.

“ముందు ఆ కళ్లు తుడుచుకోరా,” అంది ఆమినా బీ హాలంతా వినబడేలా. “జనం కాచుక్కూర్చున్నారు. నేనా, పిడి వదిలేది లేదు!”