బాయిలర్ గదిలో చెప్పని మాట

నూలు మిల్లు మూతపడి ఏళ్లు గడిచినా బాయిలర్ గదిలో తుప్పు, తడిసిన బొగ్గు కలిసిన వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. మిట్టమధ్యాహ్నం. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. లోపల మాత్రం బావిలోకి దిగినట్టు చలి. మాట్లాడితే చాలు, చుట్ట కాల్చినట్టు నోట్లోంచి ఆవిరి. విరిగిన పైకప్పు సందుల్లోంచి ఎండ చారలుగా పడుతోంది. ఎక్కడో ఊడిన రేకు ఒకటి టక్... టక్... అంటోంది.

ఫొటోగ్రాఫర్ మూడుకాళ్ల స్టాండు నిలబెట్టాడు. వెనకాలే సంచి మోస్తూ బావమరిది. అతన్ని అందరూ రేడియో అంటారు. ఆ పేరు పెట్టింది సొంత అక్కే, ఫొటోగ్రాఫర్ భార్య. వాడి నోరు ఆగిందంటే బ్యాటరీ అయిపోయినట్టే అనేది.

"రేపు పొద్దున్నే పడగొట్టేస్తారంట బావా. మనం కాస్త తుమ్మితే వాళ్లకా శ్రమ కూడా ఉండదు."

ఫొటోగ్రాఫర్ నవ్వలేదు. జేబులోంచి నల్లటి అద్దం తీసి, హా... అని ఊదాడు. తెల్లగా ఆవిరి పట్టింది. భార్య రుమాలుతో తుడిచాడు.

ఆ అద్దం సంగతి చెప్పాలి. దాన్ని లెన్సు ముందు పెడితే మన కంటికి ఆనని ఎరుపు ఒక్కటే లోపలికి పోతుంది. ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఫొటోలో పచ్చటి తీగలు పాలల్లో ముంచి తీసినట్టు తెల్లగా, ఆకాశం కాటుకలా నల్లగా పడతాయి. పాడుబడ్డ ఫ్యాక్టరీలకి ఆ అందమే వేరు. చిక్కేమిటంటే, అద్దం మరీ నలుపు, వెలుగు చుక్క చుక్కగా దిగుతుంది. నూరు లెక్కపెట్టేదాకా లెన్సు తెరిచే ఉంచాలి. ఆలోగా అటూ ఇటూ నడిచినవాళ్లు ఫొటోలో ఉండనే ఉండరు. కదలకుండా నిలబడ్డవాళ్లే పడతారు.

యంత్రం ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి కదా. ఇన్నేళ్లూ ఆ మనిషి ఆయన భార్యే. "స్కేలు కొనలేక నన్ను కట్టుకున్నారు" అని ఎగతాళి చేసేది. కానీ ఆవిడా, కదలకుండా ఉండటమా! ముక్కు దురద పుట్టేది, పావురం ఎగిరేది, లేకపోతే ఊరికే నవ్వొచ్చేది. ఈయన "కదలకు" అని కసురుకోవడం, లెక్క పూర్తయ్యాక "చాలు" అనడం. ఆ మాట అన్నాకే ఆవిడ అక్కణ్ణుంచి జరిగేది. ఏ ఫొటో చూసినా మొహం ఉండాల్సిన చోట పలక మీద చేత్తో తుడిచేసినట్టు ఒక మరక.

పోయిన చలికాలం ఇదే గదిలో, ఇదే బాయిలర్ తలుపు పక్కన నిలబెట్టాడు. లెక్క సగంలో ఉండగా ఆవిడ గుండె పట్టుకుని కూలిపోయింది. ఆసుపత్రిలో ఒక్కసారి కళ్లు తెరిచి, "ఇప్పుడైనా కదలకుండా ఉన్నానా?" అంది. ఆవిడ మళ్లీ కళ్లు తెరవలేదు.

ఆవిడ చివరిసారి నిలబడిన చోటు రేపటికి ఉండదు. దాన్ని ఒక్క ఫొటో తీసుకుని దాచుకుందామని వచ్చాడు. అంతే.

అద్దం బిగించి, లెన్సు తెరిచి, గొణుగుతున్నట్టు లెక్క మొదలుపెట్టాడు. సగంలో రేకు చప్పుడు ఆగిపోయింది. చల్లగా నిమ్మ సబ్బు వాసన. ఆవిడ వాడే సబ్బు.

"బావా, నీకూ..." అని రేడియో ఆగిపోయాడు.

లెక్క అయింది. ఇద్దరూ కెమెరా వెనక తెరలోకి వంగి చూశారు.

బాయిలర్ తలుపు పక్కన ఆవిడ. పాలలాంటి మొహం. నల్లటి గుంటల్లా కళ్లు. నుదుటి మీద వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ఎక్కడా మరక లేదు. నవ్వూ లేదు.

తలెత్తి చూస్తే అక్కడ ఎవరూ లేరు. ఎండ చార, దుమ్ము.

రేడియో ఫొటోగ్రాఫర్ చెయ్యి పట్టుకున్నాడు. "వెళ్దాం పద. అక్క పోయింది బావా. నువ్వూ పోతే నాకెవరున్నారు?"

"ఆ రోజు లెక్క సగంలో వదిలేశాను రా." ఫొటోగ్రాఫర్ బాయిలర్ తలుపు వైపు చూశాడు. "చాలు అనలేదు. అప్పట్నుంచీ అలాగే నిలబడి ఉంది."

చెయ్యి విడిపించుకున్నాడు. వెళ్లి ఆ తలుపు పక్కన నిలబడ్డాడు. "నువ్వు తియ్యి. లెక్క నేను పెడతాను."

రేడియో లెన్సు తెరిచాడు. లెక్క సాగింది. ఫొటోగ్రాఫర్ నిలకడగా ఉండలేకపోయాడు. దగ్గాడు. ఏడ్చాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పక్కనున్న ఖాళీలోకి చెయ్యి చాచాడు. చలి... ఎముకల్లోకి దిగే చలి.

నూరు.

"చాలు," అన్నాడు పక్కకి తిరిగి. "చాలే. ఇక కదులు."

టక్... టక్... రేకు మళ్లీ మొదలైంది. సబ్బు వాసన పోయింది.

వెనక్కి వచ్చి తెర చూశాడు. ఆవిడ మొహం మరక. ఎప్పటిలాగే. ఈయన వైపు తిరుగుతున్నట్టు, నవ్వుతున్నట్టు తెల్లటి మరక. ఎంత హాయిగా ఉందో. ఫొటోగ్రాఫర్ తెర మీద ఆ మరకని వేలితో నిమిరాడు.

"బావా." రేడియో గొంతు సన్నగా వచ్చింది. నోట్లోంచి ఆవిరి ముద్దలు ముద్దలుగా. "నువ్వు దగ్గావు కదా. ఏడ్చావు కదా. నేను చూశా."

తెరలో ఆవిడ పక్కన ఈయన. మీసం వెంట్రుక వెంట్రుకా తెలుస్తోంది. కన్నీటి చుక్క బుగ్గ మీద గాజుపూసలా ఆగి ఉంది. ఎక్కడా మరక లేదు.

"పోదాం పదరా," అన్నాడు ఫొటోగ్రాఫర్.

రేడియో కదల్లేదు. ఆ మాట అన్న నోటి వైపే చూస్తున్నాడు. ఆ నోట్లోంచి ఆవిరి రాలేదు.

ఫొటోగ్రాఫర్ నల్లద్దం విప్పాడు. దాని మీద హా... అని ఊదాడు. మళ్లీ ఊదాడు.

అద్దం నల్లగా, శుభ్రంగా అలాగే ఉంది.

కాసేపు దాన్నే చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ ఆవిడ రుమాలుతో మెల్లగా తుడిచాడు.